ఆటలో ముంచిన ఊరికి లెక్క చెప్పాలా?



పోయిన వారం మన ఛానెల్‌లో "లీల" అనే మాట మీద వీడియో చేసుకున్నాం కదా. దేవుడికి ఈ సృష్టి ఒక ఆట అని పెద్దలు ఎందుకన్నారు, అది విని మనం భయపడాలా సంతోషపడాలా అని మాట్లాడుకున్నాం. టైం చాలక అందులో ఒక విషయం వదిలేసాను. నిజం చెప్పాలంటే టైం కాదు, అది నా సొంత విషయం కాబట్టి కెమెరా ముందు చెప్పలేకపోయాను. రాయడం కొంచెం తేలిక. పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి.

ప్రశ్న ఇది. కంప్యూటర్ గేమ్‌లో నేను ఒక ఊరిని నీళ్లలో ముంచేసాను. అందులో నిజం మనుషులు ఎవరూ లేరు. అయినా అది తప్పా?

నవ్వొస్తుందని తెలుసు. నాకూ మొదట నవ్వే వచ్చింది. కానీ ఆ ప్రశ్న నన్ను చాలా దూరం తీసుకెళ్లింది.

నేను కట్టిన నగరాలు

మాది నిజామాబాద్ జిల్లా మోర్తాడ్. పసుపు, ఎర్రజొన్న పండే ఊళ్లు మావి. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. నేను మాత్రం ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. కొన్నాళ్లు హైదరాబాద్‌లో, కొన్నాళ్లు ఇంటి నుంచి పని. రాత్రి పని అయిపోయాక నాకున్న ఒకే ఒక వ్యసనం నగరాలు కట్టే గేమ్.

దాని పేరు సిటీస్: స్కైలైన్స్. ఫిన్లాండ్‌లోని కొలోసల్ ఆర్డర్ అనే కంపెనీ తయారుచేసింది, 2015 మార్చిలో వచ్చింది. ఆడనివాళ్ల కోసం చెప్తున్నాను. ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు వెయ్యాలి. ఇక్కడ ఇళ్లు, ఇక్కడ దుకాణాలు, ఇక్కడ ఫ్యాక్టరీలు అని గీతలు గీస్తే జనం వాళ్లంతట వాళ్లే వచ్చి కట్టుకుంటారు. కరెంటు, నీళ్లు, మురుగు, బడి, ఆసుపత్రి, చివరికి శ్మశానం కూడా మనమే చూడాలి. పన్ను ఎంతో మనమే పెట్టాలి.

నాకు ఇష్టమైంది ఒక్కో నగరంలో ఒక్కో పద్ధతి పెట్టి ఏమవుతుందో చూడటం. చదరంగం బల్లలాగా అన్నీ గళ్లుగళ్లుగా రోడ్లు వేసి చూసాను. చూడటానికి అందంగా ఉంటుంది, కానీ ప్రతి గడికీ ఒక సిగ్నల్, లారీలన్నీ నిలబడిపోతాయి. రోడ్డు వెడల్పు చేస్తే జాం తగ్గలేదు, తర్వాతి చౌరస్తాకు మారింది. గుండ్రటి కూడళ్లు పెట్టి, లారీలకు వేరే దారి ఇస్తేగానీ ఊపిరాడలేదు. ఇంకో నగరంలో మురుగుపైపు నదికి ఎగువన, తాగునీటి పంపు దిగువన పెట్టాను. వారంలో ఊరంతా జబ్బు. ఇంకోచోట పెద్ద కాలనీ ఒక్కసారే తెరిచాను. వేలమంది ఒకేసారి వచ్చారు. అందరూ దాదాపు ఒకే వయసువాళ్లు. గేమ్‌లో ఏళ్లు గడిచాక అందరూ ఒకేసారి చనిపోవడం మొదలైంది. శవాల బండ్లు రోడ్ల మీద ఇరుక్కున్నాయి. ఆడేవాళ్లు దీన్ని "డెత్ వేవ్" అంటారు. దాంతో ఊరిని మెల్లగా, విడతలుగా పెంచాలని నేర్చుకున్నాను.

ఇందులో నిజంగా నేర్చుకునేది ఉంది. ఒక చోట చేసిన పని ఇంకో చోట తేలుతుంది. ఇవాళ చేసింది ఎన్నో ఏళ్లకు బయటపడుతుంది. కర్మ సిద్ధాంతం వీడియోల్లో మనం చెప్పేది ఇదే కదా అనుకునేవాణ్ని.

ఒక్క తేడా ఉంది. ఏ ప్రయోగం చేసేముందైనా నేను "సేవ్" నొక్కేవాణ్ని. పాడైతే మళ్లీ వెనక్కి లోడ్ చేసుకునేవాణ్ని. ఈ ఒక్క బటన్ గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

"గా ఇండ్లల్ల ఉన్నోళ్లు ఎటు పోయిండ్రు?"

పోయిన ఎండాకాలం ఒక రాత్రి డ్యాం ప్రయోగం చేస్తున్నాను. ఆ గేమ్‌లో డ్యాం కడితే కరెంటు వస్తుంది, కానీ లోయ సరిగ్గా చూసుకోకపోతే నీళ్లు వెనక్కి తన్ని ఊళ్ల మీదికొస్తాయి. నేను చూసుకునే కట్టాను. లోయలో ఒక చిన్న ఊరుంది, నేనే మొదట్లో వేసిన ఊరు. నగరం పెరిగాక దానితో పన్ను పెద్దగా రావట్లేదు. డ్యాం కరెంటు విలువ దానికి ఎన్నో రెట్లు. లెక్క తేలిక. నొక్కాను.

మా బాపమ్మకు నిద్ర పట్టక వచ్చి నా వెనక మంచం మీద కూర్చుంది. నీళ్లు మెల్లగా ఇళ్ల మీదికి ఎక్కుతున్నయి. ఆమె చాలాసేపు చూసింది.

"ఏంది బిడ్డా గది?"

"గేమ్ బాపమ్మా. డ్యాం కడుతున్న."

"గా ఇండ్లల్ల ఉన్నోళ్లు ఎటు పోయిండ్రు?"

నేను నవ్వి, "ఎవ్వలు లేరు, బొమ్మలే" అన్నాను. ఆమె ఇంకేం అనలేదు. లేచి వెళ్లి పడుకుంది.

పొద్దున అమ్మ చెప్పింది, బాపమ్మ రాత్రంతా పడుకోలేదని. అప్పుడు నాకు వెలిగింది. బాపమ్మ తల్లిగారి ఊరు పోచంపాడు ప్రాజెక్టులో మునిగింది. నాకు ఆ సంగతి తెలుసు. చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి గుర్తు రాలేదు. నన్ను ఇప్పటికీ పొడిచేది ఇదే.

పోచంపాడు అంటే శ్రీరాంసాగర్. 1963 జూలై 26న నెహ్రూ గారు శంకుస్థాపన చేసారు. గోదావరి మీద 42 గేట్లు, పూర్తి నీటిమట్టం 1091 అడుగులు, మొదట అనుకున్న నిల్వ 112 టీఎంసీలు. ఈ అంకెలు నాకు స్కూల్ నుంచే నోటికొచ్చు. బాపమ్మకు ఒక్క అంకె కూడా తెలియదు. ఆమెకు తెలిసినవి వేరే. ఇళ్లకు సున్నంతో నంబర్లు వేసిన సంగతి. ఊరి దేవుణ్ని బండి మీద పెట్టుకుని కొత్త జాగాకు తీసుకుపోతుంటే ఎడ్లు కదలకపోతే ఆడవాళ్లంతా ఏడ్చిన సంగతి. వచ్చిన పైసలు వాళ్ల తమ్ముళ్ల చేతుల్లో రెండేళ్లు కూడా నిలవని సంగతి.

అన్నిటికంటే పెద్దది ఒకటి ఆ రోజు చెప్పింది. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డ తల్లిగారింటికి పోవాలి. "నా తోటోళ్లందరు పోయేటోళ్లు. నేను యాడికి పోవాలె బిడ్డా? ఊరే లేకపాయె." తల్లిదండ్రులు కొత్త జాగాలో ఉన్నారు, అక్కడికి పోయేది. కానీ అది తల్లిగారిల్లు అన్పించలేదట. బతుకమ్మ ఆడిన వాకిలి లేదు, వదిలిన చెరువు లేదు. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గినప్పుడు మునిగిన ఊళ్ల గుళ్లు, గోడలు బయటపడతాయి. జనం పోయి దండం పెట్టుకుని వస్తారు. బాపమ్మ ఒక్కసారే పోయిందట. మళ్లీ పోలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ డ్యాం తప్పు అని నేను అనట్లేదు. కాకతీయ కాలువ మీద కరీంనగర్, వరంగల్ వైపు ఎంత భూమి పచ్చబడిందో చూసినవాళ్లకు తెలుసు. మా ప్రాంతంలో కూడా కాలువల్లో నీళ్లుంటే బోర్లు పోస్తాయి, పసుపు నిలబడుతుంది. నా ఇంజనీరింగ్ ఫీజు పసుపు అమ్మి కట్టిందే. అంటే బాపమ్మ ఊరిని ముంచిన నీళ్లు, నన్ను చదివించిన నీళ్లు ఒక్కటే. హైదరాబాద్‌లో కూడా అంతే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగాక విశ్వేశ్వరయ్య గారిని పిలిచారు. ఎగువన చెరువులు కట్టాలని ఆయన చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పైనుంచి ఊరంతా ఒక్క చూపులో చూడగలిగినవాళ్లు లేకపోతే ఆ పని అయ్యేది కాదు. పైనుంచి చూడటం పాపం కాదు. పైనుంచి మాత్రమే చూడటం గురించే నా అనుమానం.

"బొమ్మలే కదా" అనే జవాబు

ముందు ఎదుటి వాదన సరిగ్గా చూద్దాం. గేమ్‌లో బాధపడేవాళ్లు లేరు. బాధ లేనిచోట హింస లేదు. చదరంగంలో బంటును బలి ఇస్తే ఎవరూ ప్రాయశ్చిత్తం చేసుకోరు. పిల్లలు బొమ్మరిల్లు కట్టి కాలితో తన్నేస్తే మనం కర్మ గురించి పాఠం చెప్పం. ఈ వాదన నాకు బలంగానే కన్పిస్తుంది. ఇప్పటికీ నేను దాన్ని కాదనను. గేమ్‌లో ఊరు ముంచినందుకు నరకం వస్తుందని చెప్పేవాళ్లను నేను నమ్మను.

కానీ ఈ గేమ్ చదరంగం లాంటిది కాదు. ఇందులో ఏ మనిషి మీద క్లిక్ చేసినా పేరు వస్తుంది. ఎక్కడ ఉంటాడో, ఎక్కడ పని చేస్తాడో వస్తుంది. వాడి వెనకే పోయి చూడొచ్చు. అన్నేళ్లు ఆడిన నేను అలా ఎన్నిసార్లు చూసాను? మొదటి వారం సరదాగా చూసాను, అంతే. తర్వాత నా కళ్లు ఎప్పుడూ పైన ఉండే మూడు అంకెల మీదే. జనాభా, సంతోషం శాతం, డబ్బు.

ఇలాంటి ఆటలకు మూలపురుషుడు విల్ రైట్ అనే అమెరికన్. 1989లో ఆయన సిమ్‌సిటీ తెచ్చాడు. దానికి ఆయనకు కలిసొచ్చిన వాటిలో స్టానిస్లావ్ లెమ్ అనే పోలండ్ రచయిత కథ ఒకటి. అందులో ట్రర్ల్ అనే యంత్రకారుడు, పదవి పోయిన ఒక క్రూర రాజు ముచ్చట తీర్చడానికి చిన్న పెట్టెలో బొమ్మ రాజ్యం చేసి ఇస్తాడు. ఎవరికీ హాని లేదు కదా అని సంబరపడతాడు. అతని స్నేహితుడు మాత్రం మండిపడతాడు. ఆ బొమ్మలు ఏడుస్తాయి, వేడుకుంటాయి, చస్తాయి, మరి అది నిజం ఏడుపు కాదని నీకెట్లా తెలుసు అని నిలదీస్తాడు. ఇద్దరూ పరుగున వెనక్కి వెళ్లేసరికి ఆ బొమ్మ జనమే తిరగబడి రాజును తరిమేసి ఉంటారు. నగరాలు కట్టే ఆట పుట్టినప్పుడే ఈ ప్రశ్న కూడా దాని పక్కనే ఉందన్నమాట.

ఇంకో ఉదాహరణ. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి సిమ్‌సిటీ 3000లో మాగ్నసాంటి అనే నగరం కట్టి 2010లో లోకానికి చూపించాడు. ఏళ్ల తరబడి కాగితం మీద లెక్కలు వేసుకుని కట్టాడు. 60 లక్షల జనాభా. రోడ్లే లేవు, భూగర్భ రైళ్లు మాత్రమే. ఆ ప్లాన్‌కు అతను వాడుకున్న బొమ్మల్లో బౌద్ధుల భవచక్రం ఒకటి, అంటే చావు పుట్టుకల చక్రం. లెక్క ప్రకారం అది ఆటను గెలిచిన నగరం. కానీ అక్కడ జనం 50 ఏళ్లకు మించి బతకరు. అడుగడుగునా పోలీసులు. ఎవరూ తిరగబడరు, ఎక్కడికీ పోరు. అంకె ఒక్కటే గురి అయితే చివరికి ఏం మిగులుతుందో అది చూపిస్తుంది.

కాబట్టి నా ప్రశ్నను మార్చుకున్నాను. ఆ బొమ్మలకు ఏమైంది అన్నది కాదు. ఆరేళ్లు అలా చూసిన నా కళ్లకు ఏమైంది?

బి గుంపు

దీనికి జవాబు నాకు ఆటలో దొరకలేదు, ఉద్యోగంలో దొరికింది. ఇది చెప్పడానికే ఈ పోస్టంతా.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీ సరుకులు ఇంటికి చేర్చే యాప్ నడిపేది. మా పనిలో ప్రయోగాలు మామూలే. సగంమందికి పాత పద్ధతి, సగంమందికి కొత్త పద్ధతి, రెండు వారాలు చూసి ఏది బాగుంటే అది ఉంచడం. ఏ గుంపు, బి గుంపు అంటాం. బటన్ రంగు మారిస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ సారి ప్రయోగం డెలివరీ చేసే అబ్బాయిల బోనస్ మీద. రోజుకు 14 ఆర్డర్లకు వచ్చే బోనస్, బి గుంపుకు 17 ఆర్డర్లకు వస్తుంది. 17 కోసం వాళ్లు ఇంకో గంట ఎక్కువ తిరుగుతారా లేదా అని చూడాలి. వాళ్లకు చెప్పలేదు. చెప్తే ప్రయోగం పాడవుతుంది కదా. ఆ మార్పు కోడ్ రాసింది నేనే. బాగా రాసానని మెచ్చుకున్నారు కూడా. స్క్రీన్ మీద గీత పైకి పోయింది. నాకు గేమ్‌లో గుండ్రటి కూడలి పని చేసినప్పుడు కలిగే సంతోషమే కలిగింది. అచ్చం అదే సంతోషం. తేడా తెలియలేదు.

రెండు వారాలు మూడు వారాలు అయింది. ఆ రోజుల్లోనే నిజామాబాద్‌లో మా చిన్నమ్మ వాళ్లింటికి పోయాను. సరుకులు తెచ్చిన అబ్బాయి మెట్ల మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. మా వైపు ఊరివాడే. మాటల్లో, "ఈ నెల లెక్క ఏందో మారిందన్నా. ఎంత తిరిగినా బోనస్ పడ్తలేదు. తప్పు నాదేనేమో అని పొద్దుగాల ఒక గంట ముందు లేస్తున్న" అన్నాడు.

నేను ఏం చెప్పాలి? "తప్పు నీది కాదు తమ్ముడూ, నువ్వు బి గుంపులో పడ్డవ్" అని చెప్పాలా? చెప్పలేదు. నీళ్లు ఇచ్చాను, తాగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆఫీసుకు మెయిల్ రాసాను, వాళ్లకు చెప్పకుండా వాళ్ల సంపాదనతో ప్రయోగం చేయొద్దని. కొన్ని మీటింగులు అయ్యాయి. ఆఖరికి ప్రయోగం ఆపారు, పాత లెక్క తిరిగి పెట్టారు. మా భాషలో "రోల్‌బ్యాక్" అంటాం. గేమ్‌లో లోడ్ నొక్కినట్టే. కోడ్ వెనక్కి వచ్చింది. ఆ మూడు వారాల డబ్బు వెనక్కి ఇవ్వలేదు. పొద్దున ముందు లేచిన గంటలు వెనక్కి రాలేదు. "తప్పు నాదేనేమో" అని వాడు అనుకున్నది, దాన్ని ఏ బటన్ వెనక్కి తెస్తుంది?

బాపమ్మ ప్రశ్న అప్పుడు పూర్తిగా అర్థమైంది. గా ఇండ్లల్ల ఉన్నోళ్లు ఎటు పోయిండ్రు? ఆమె బొమ్మల గురించి అడగలేదు. నొక్కేవాడు ఒక్కసారైనా ఆ మాట అడుగుతాడా అని అడిగింది.

మరి దేవుడి ఆట సంగతి?

ఇప్పుడు లీల దగ్గరికి వద్దాం. సృష్టి దేవుడికి ఆట అయితే, మనం ఆయన స్క్రీన్ మీద బొమ్మలమా? నా డ్యాంకూ ఆయన ప్రళయానికీ తేడా ఏంటి?

ఈ అనుమానం నాకు కొత్తగా వచ్చింది కాదు. బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయం మొదటి పాదంలో సృష్టి లీల అని చెప్పిన వెంటనే, తర్వాతి సూత్రంలోనే ఈ ప్రశ్న ఎత్తుకున్నారు. అలాగైతే దేవుడికి పక్షపాతం, నిర్దయ అంటవా అని. అంటే మన పెద్దలు ఆ మాట అనేసి జారుకోలేదు, నిలబడి లెక్క చెప్పారు. వాళ్ల జవాబును నేను అర్థం చేసుకున్నంతలో మూడు తేడాలుగా చెప్తాను.

మొదటిది, నేను ఆడేది ఏదో తక్కువై. విసుగు, ఆఫీసు ఒత్తిడి, నా చేతుల్లో ఏదో ఉందన్న తృప్తి కావాలి. ఈశ్వరుడికి తక్కువైంది ఏమీ లేదు. నిండిన వాడి ఆట వేరు, లోటు ఉన్నవాడి ఆట వేరు. లోటు ఉన్నవాడు ఆడితే ఆ లోటు పూడ్చేది ఎదుటివాళ్లే.

రెండోది, ఈశ్వరుడు ఒక్కో జీవుడి కర్మను చూసి ఫలం ఇస్తాడని సూత్రం చెప్తుంది. శంకరాచార్యులు దీనికి వాన పోలిక చెప్పారు. వాన అన్నిటికీ ఒక్కటే, పంటలో తేడా విత్తనంది. మా దగ్గర చెప్పాలంటే ఒకే వానకు ఒక మడిలో పసుపు, పక్క మడిలో ఎర్రజొన్న. నా గేమ్‌లో అలా లేదు. విత్తనం నాదే, వాన నాదే, కోత నాదే. నేను ఒక్కొక్కణ్ని చూడను, మొత్తం చూస్తాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కర్మ మాటను చాలామంది తప్పుగా వాడతారు. "ఊరు మునిగిందా, వాళ్ల కర్మ." "బోనస్ పోయిందా, వాడి కర్మ." బటన్ నొక్కినవాడి నోటి నుంచి ఈ మాట రాకూడదు. కర్మ సిద్ధాంతం నా చేతుల్ని నేను చూసుకోవడానికి ఇచ్చిన అద్దం. ఎదుటివాడి కష్టం దగ్గర దాన్ని పెట్టి తప్పించుకుంటే అది భక్తి కాదు, దొంగతనం.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. అవతారం అంటేనే దిగిరావడం. ఆట ఆడేవాడు ఆట లోపలికి వస్తాడు.

ఒక అడవి, ఒక నగరం

భారతంలో రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి ఖాండవ దహనం. ఇంద్రప్రస్థం పక్కన అడవి. అగ్ని అడిగితే కృష్ణార్జునులు కాపలా ఉండగా ఆ అడవి కాలిపోయింది. తప్పించుకున్నవాళ్లు ఆరుగురే: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షి పిల్లలు. ఆ మయుడే కృతజ్ఞతగా మయసభ కట్టాడు. మనం మయసభ గొప్పదనం చెప్పుకుంటాం, దాని వెనక ఉన్న బూడిద గురించి తక్కువ చెప్పుకుంటాం. కానీ వ్యాసుడు మర్చిపోలేదు. తల్లిని పోగొట్టుకున్న అశ్వసేనుడు ఏళ్ల తర్వాత కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి మీదికి వస్తాడు. తక్షకుడి కాటుకు అర్జునుడి మనవడు పరీక్షిత్తు పోతాడు. దానికి శాపం ఒక కారణమే, అయినా కరిచింది ఖాండవంలో ఇల్లు పోగొట్టుకున్నవాడే. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం మొదలుపెడతాడు, ఆస్తీకుడు వచ్చి ఆపుతాడు. భారతకథను వైశంపాయనుడు చెప్పింది ఆ యాగం దగ్గరే. అంటే లక్ష శ్లోకాల భారతం మనకు వినపడేదే ఒక పాత మంట లెక్క ఇంకా తీరని చోట. ముత్తాత కాలంలో కాలిన అడవికి మునిమనవడి దగ్గర ఆస్తీకుడు అడ్డుపడితే తప్ప లెక్క ఆగలేదు. అక్కడ సేవ్ బటన్ లేదు, లోడ్ బటన్ లేదు.

కృష్ణుడు ఎందుకు అలా చేసాడు అంటే నా దగ్గర జవాబు లేదు. వ్యాఖ్యాతలు ఎన్నో చెప్పారు. నాకు తెలిసింది ఒక్కటే, భారతం ఆ లెక్కను దాచలేదు.

రెండోది ద్వారక. జరాసంధుడి దాడులకు మధుర తట్టుకోలేకపోతుంటే కృష్ణుడు సముద్రంలో కొత్త నగరం కట్టించి జనాన్ని అక్కడికి చేర్చాడు. ఇది కూడా ఊరు కదలడమే. తేడా ఏంటంటే వాళ్లతోపాటు ఆయనా అక్కడే ఉన్నాడు. అదే కోటలో, అదే సముద్రం పక్కన. యుద్ధం అయ్యాక గాంధారి శపిస్తే ఆయన కాదనలేదు, తలవంచి తీసుకున్నాడు. 36 ఏళ్లకు తన వంశం తన కళ్లముందే పోయింది. తాను కూడా ఒక వేటగాడి బాణానికి, అడవిలో, ఒంటరిగా. ద్వారకను సముద్రం తీసుకుంది. మిగిలిన ఆడవాళ్లను, పిల్లల్ని, ముసలివాళ్లను అర్జునుడు బయటికి తీసుకొచ్చాక మునిగింది. దారిలో వాళ్లను పూర్తిగా కాపాడలేకపోయాడు కూడా.

ఆట ఆడేవాడే ఆట నియమానికి లొంగాడు. తనకోసం ఒక సేవ్ ఫైల్ దాచుకోలేదు. లీల అంటే నాకు ఇప్పుడు అర్థమవుతున్నది ఇది. నేను ఆడేది లీల కాదు. నాకు తడి అంటదు. ఏ ఆటలో ఆడేవాడికి తడి అంటదో, ఆ ఆటలో తాను దేవుణ్ని అనుకోవడం సులువు. నిజం దేవుడు మాత్రం తడిసాడు.

అయితే ఏం చేద్దాం?

గేమ్ మానేసానా? లేదు. నిన్న రాత్రి కూడా ఆడాను. ప్రయోగాలు కూడా మానలేదు. ప్రయోగం లేకుండా ఏ పనీ బాగుపడదు, ఆసుపత్రి మందైనా, పసుపు విత్తనమైనా. గేమ్‌లో తప్పులు చేసి నేర్చుకోవడం నిజం మనుషుల మీద నేర్చుకోవడం కంటే ఎంతో మేలు. ఆ మాటకొస్తే నేను చెప్పే ధర్మం ఇదే: తప్పులన్నీ అక్కడే చెయ్యండి.

కానీ మూడు అలవాట్లు పెట్టుకున్నాను. మీకు నచ్చితే మీరూ పెట్టుకోండి.

ఒకటి, ఆటలో ఏ ఇల్లు తీసేముందైనా అందులో ఒకరి మీద క్లిక్ చేసి పేరు చదువుతాను. అది బొమ్మ కోసం కాదు, నా కంటికి అలవాటు తప్పకుండా ఉండటానికి. రోజూ దీపం పెట్టడం దేవుడికి వెలుగు చాలకనా? మన కోసమే కదా.

రెండు, ఆఫీసులో నేను రాసే మార్పు ఎవరి జీతం మీదైనా, ఎవరి టైం మీదైనా పడుతుందంటే, వాళ్లకు చెప్పామా అని అడుగుతాను. చెప్పకపోతే ఆ కోడ్ నేను రాయనని చెప్తాను. ఒకసారి చెప్పాను, కొంచెం ఇబ్బందే అయింది. ఉద్యోగం పోలేదు. పోతే ఏం చేసేవాణ్నో నిజంగా తెలియదు, గొప్పలు చెప్పను.

మూడు, గీతలో మనం చదువుకున్నాం కదా, ఆరో అధ్యాయంలో, ఎదుటివాడి సుఖదుఃఖాలను తనవాటితో పోల్చి చూసేవాడే గొప్ప యోగి అని. అది ధ్యానం అధ్యాయం. కళ్లు మూసుకుని కూర్చోవడం గురించి చెప్తూ చెప్తూ అక్కడికి తీసుకొచ్చాడు. నిర్ణయం ఏదైనా, ఊరి కమిటీలో రోడ్డు ఎటు వెయ్యాలన్నదైనా, ఇంట్లో పొలం అమ్మాలా వద్దా అన్నదైనా, మునిగేవైపు నేను ఉంటే అని ఒక్క నిమిషం కూర్చుందాం. ఆ తర్వాత కూడా డ్యాం కట్టాల్సి రావచ్చు. అప్పుడు కడదాం. కానీ మునిగినవాళ్ల పేర్లు తెలిసి కడదాం, కట్టాక కూడా వాళ్ల గడప తొక్కుతూ ఉందాం.

పోయిన బతుకమ్మకు బాపమ్మను కారులో పోచంపాడు కట్ట మీదికి తీసుకెళ్లాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. గుడి గోడ ఏదీ కన్పించలేదు. ఆమె చెయ్యి చాపి ఒకవైపు చూపించి "గాడ" అంది. నాకు నీళ్లే కన్పించాయి. కారులో పెట్టుకొచ్చిన చిన్న బతుకమ్మను మెట్ల దగ్గర దిగి నీళ్లలో వదిలింది. తిరిగి వచ్చేటప్పుడు, ఆ ఊళ్లో ఎవరెవరి ఇళ్లు ఏ వరుసలో ఉండేవో చెప్పమని అడిగాను. మోర్తాడ్ వచ్చేదాకా చెప్తూనే ఉంది. ఇంటికి వచ్చాక అవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇప్పటికి 43 ఇళ్లు అయ్యాయి. ఇంకా ఉన్నాయట.

మీ ఇంట్లో కూడా ఇలా మునిగిన ఊరో, అమ్ముకున్న పొలమో, మూతపడ్డ ఫ్యాక్టరీయో గుర్తున్న పెద్దవాళ్లు ఉంటే ఈ వారం వాళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి. బోధన్ వైపు వాళ్లకు చెప్పనవసరం లేదు. 1937లో పుట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగిపోతే శక్కర్‌నగర్ ఏమైందో వాళ్లకు తెలుసు. అడగండి, వినండి, పేర్లు రాసుకోండి. ఇది కూడా పూజే అని నా నమ్మకం.

వచ్చే వారం వీడియోలో కలుద్దాం. అందరికీ శుభం కలగాలి.